కాడల లెక్క

మా జూలో ఆకు కోసేది నేను. ఇరవై రెండేళ్ళుగా నేనే. జింకలకూ, కుందేళ్ళకూ, గేటు పక్క తొట్టెలో కునికే ముసలి తాబేలుకూ నా చేతి ఆకే. అందరూ ఆకులక్క అంటారు. నా అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు.

నా మోపు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. గొప్పలు చెప్పుకుంటోంది అనుకున్నా సరే, చెప్పుకుంటాను. కొమ్మలు కోయగానే నీళ్ళతొట్టెలో ముంచి, ఒక్కసారి విదిలించి, నీళ్ళు కారుతుండగానే కట్ట కట్టి తీసుకెళ్తాను. ఆకు మీద ఒక్క దుమ్ముకణం ఉండదు. చూడటానికి వచ్చిన ఆడవాళ్ళు, "మా ఇంటికొచ్చే ఆకుకూర కూడా ఇంత తాజాగా ఉండదమ్మా" అంటారు. అలా అన్నప్పుడల్లా నేను ఇంకో జానెడు ఎత్తు పెరుగుతాను.

ఈ గొడవ మొదలైన సోమవారానికి తొమ్మిది రోజుల ముందు మా దగ్గరికి ఒక ఆడకోతి వచ్చింది, చంకలో బిడ్డతో. అడవిలో పట్టి, బుట్టలో కుక్కి, అమ్ముకోవడానికి తీసుకుపోతుంటే చెక్‌పోస్టు దగ్గర దొరికిందట. ఇది ఇళ్ళ మీద పడి చేతిలో సంచి లాక్కుపోయే జాతి కాదు. ఏడాది పొడుగునా వానపడే అడవిలో, చెట్ల తలల మీదే పుట్టి, తలల మీదే బతికే జాతి. కొండముచ్చుకు దగ్గరి చుట్టం. ఒళ్ళంతా బూడిద కలిసిన నలుపు, కళ్ళ చుట్టూ సున్నంతో గీసినట్టు తెల్లటి వలయాలు. బిడ్డ మాత్రం నారింజపండు రంగు. ఆ రంగు ఊరికే రాలేదు. గుంపులో ఎక్కడున్నా పసివాడు అందరి కళ్ళలోనూ పడాలి. పిన్నులు, పెద్దమ్మలు, అక్కలు వంతులేసుకుని మోస్తారు. ఆరు నెలలకు ఆ రంగు పోయి తల్లి రంగు వస్తుంది, ముద్దులు కూడా అప్పటితో తగ్గుతాయి.

ఆ జాతివే మా దగ్గర ఇంకో రెండు ముసలి ఆడకోతులు ఉన్నాయి. కొత్తామెను వాటి పక్క గదిలో పెట్టాం. మధ్యలో వల. ఆ ముసలివాళ్ళిద్దరికీ రోజంతా వలలోంచి వేళ్ళు చాపి ఆ పసివాడిని ముట్టుకోవాలని ఒకటే ఆరాటం.

అంతా బాగానే ఉంది. కొత్తామె మాత్రం చిక్కిపోతోంది.

మా డాక్టరు వయసులో నా కూతురంత ఉంటుంది. వచ్చి ఐదు నెలలైంది. మాట మెత్తన, పని గట్టి. ఆ సోమవారం పొద్దున రిజిస్టరు పట్టుకుని నా తొట్టె దగ్గరికే వచ్చింది.

"అక్కా, నాకు అర్థం కావట్లేదు. వచ్చినప్పుడు ఐదు కిలోల ఆరొందలు. ఇవాళ ఐదు కిలోలు. రోజూ పన్నెండొందల గ్రాముల ఆకు తింటోంది. తిన్నదంతా ఎక్కడికి పోతోంది?"

"ఏమైనా జబ్బేమో డాక్టరమ్మా" అన్నాను.

"రక్తం చూశాను, మలం చూశాను. ఏమీ దొరకలేదు. పాలు కూడా తగ్గుతున్నాయి, బిడ్డ ఊరికే ఏడుస్తున్నాడు. శుక్రవారం దాకా చూస్తాను. అప్పటికీ బరువు తగ్గితే మత్తిచ్చి లోపల పరీక్ష చేయాలి. బిడ్డను విడదీసి సీసాపాలు పట్టక తప్పదు."

ఈ జాతి బిడ్డను సీసాపాలతో బతికించడం ఎంత కష్టమో మా మేనత్త నాకు చెప్పింది. నాకు ముందు ఇక్కడ ఆకు కోసింది ఆవిడే. తన కాలంలో ముగ్గురు పసివాళ్ళను అలా ఒళ్ళో పెట్టుకుని పెంచబోయింది. ముగ్గురూ నెల తిరక్కుండానే పోయారు. ఇవాళ సోమవారం. నాలుగే రోజులు.

ఆ మధ్యాహ్నం కొత్తామె గది దగ్గరికి వెళ్ళేసరికి మా సూపర్‌వైజరు వల ముందు నిలబడి బాగా మగ్గిన అరటిపండు ఒలుస్తున్నాడు. మంచివాడే, కాకపోతే కోతి అంటే అరటిపండు అనుకునే రకం. నేను పరుగున వెళ్ళి ఆ పండును చేతిలోంచి ఒక్క దెబ్బతో కింద పడేశాను.

"ఏంటమ్మా అది, నేను నీ పై ఆఫీసర్ని!"

"మీరు ఎవరైనా కానీయండి సార్. అది తింటే చస్తుంది."

"కోతి అరటిపండు తింటే చస్తుందా? ఎవరికి చెప్తున్నావు?"

"ఇది మామూలు కోతి కాదు సార్. దీని కడుపు ఆవు కడుపులాంటిది. అరలరలుగా ఉంటుంది. ముందు అరలో కోట్లకొద్దీ క్రిములు ఉండి ఆకును పులియబెడతాయి. ఆ పులిసిందే దీనికి అన్నం. అందులో తియ్యటి పండు పడిందనుకోండి, ఒక్కసారిగా పొంగుతుంది. కడుపు డోలులా ఉబ్బి, ఊపిరాడక పోతుంది. అడవిలో కూడా ఇవి పచ్చికాయ తింటాయి గానీ మాగిన పండు జోలికి పోవు."

సూపర్‌వైజరు కిందపడ్డ పండు వంక చూశాడు, కోతి వంక చూశాడు. "మరి ఇది తేన్చినట్టు చప్పుడు చేస్తుందే, పక్కగదిలోది, నా మొహం మీదే తేన్చింది నిన్న. అదేం రోగం?"

"అది రోగం కాదు సార్, మర్యాద. ఆకు పులిస్తే గాలి పుడుతుంది, ఆ గాలి పైకి రావాలి. ఇవి దగ్గరివాళ్ళ మొహం మీదే తేన్చుకుంటాయి. మిమ్మల్ని తనవాళ్ళలో కలుపుకుందన్నమాట."

ఆయన కాస్త మెత్తబడ్డాడు. ఆ మాట చెబుతుంటే నాకే ఎక్కడో కలుక్కుమంది. తొమ్మిది రోజులుగా కొత్తామె ఒక్కసారి కూడా తేన్చగా నేను వినలేదు.

మర్నాడు పొద్దున మిగతా గదుల ఆకు త్వరగా వేసేసి, ఒక స్టూలు తెచ్చుకుని ఆ గది ముందు కూర్చున్నాను. కళ్ళల్లో వత్తులు వేసుకుని చూశాను. నా మోపు కొక్కేనికి వేలాడుతోంది, నిగనిగలాడుతూ. కాసేపటికి కొత్తామె పైనున్న కర్ర మీంచి దిగింది. ఆకుల దగ్గర మూతి పెట్టింది. ఇంతవరకే చూసి మేమంతా 'తింటోంది' అనుకున్నాం. నేను స్టూలు ముందుకు జరుపుకుని చూశాను. అది ఆకులు నాకుతోంది. ఒక్కో ఆకునూ తిప్పి, కిందికి జారిన నీటిచుక్కను నాలుకతో అందుకుని, ఆకును మాత్రం అలాగే వదిలేస్తోంది. అడవిలో ఇవి చెరువుకూ వాగుకూ దిగవు. ఆకుల మీది తడే వీటికి మంచినీళ్ళు. అది నా మోపు దగ్గరికి వచ్చింది దాహం తీర్చుకోవడానికి, ఆకలి తీర్చుకోవడానికి కాదు.

కింద నేల చూశాను. మా మేనత్త నేర్పిన మొదటి పాఠం అది. "పైకి కాదే, కిందికి చూడు. తిన్న కోతి కాడలు రాలుస్తుంది. కాడలు లెక్కపెట్టు, ఎంత తిందో అది చెబుతుంది" అనేది. రెండేళ్ళ క్రితం కాటా వచ్చింది. పొద్దున మోపు తూచాలి, సాయంత్రం మిగిలింది తూచాలి, తేడా ఎంతుంటే అంత తిన్నట్టు. మొదట్లో నేను ఆ కాటాను తిట్టిపోశాను. తర్వాత నా ఆకు బాగా తింటున్నాయని అంకెలు చెబుతుంటే వినడానికి హాయిగా ఉండి, కాడల లెక్క మానేశాను.

నేల మీద ఏడు కాడలున్నాయి. ఏడంటే ఏడు.

మరి పన్నెండొందల గ్రాములు ఎక్కడికి పోతున్నాయి? బుధవారం పొద్దున రెండు మోపులు సమానంగా కట్టాను, మూడేసి కిలోలు. ఒకటి కొత్తామెకు. రెండోది ఆ వరసలో చివరనున్న ఖాళీ గదిలో వేలాడదీసి తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకున్నాను. సాయంత్రం తీసి తూచాను. కిలో తొమ్మిదొందలు. కోతి లేదు, కుందేలు లేదు, పురుగు కూడా లేదు. ఖాళీ గది నా ఆకు పదకొండొందల గ్రాములు తినేసింది.

కాటా పక్కన చతికిలబడ్డాను. తినేసింది ఎండ. నేను ముంచి తెచ్చిన నీళ్ళు ఆరిపోయాయి, ఆకు వాడి ఇంకాస్త తేలికైంది. ఆ తేడానే మేము పన్నెండు రోజులుగా కోతి కడుపులో ఉందని రాసుకున్నాం. నా చేతి శుభ్రం, నా మోపు మెరుపు, నేను జానెడు ఎత్తు పెరిగిన ఆ నీళ్ళే ఒక పాలిచ్చే తల్లి ఆకలిని కప్పిపెట్టాయి. ఆ పూట నాకు ముద్ద దిగలేదు. కంచం ముందు కూర్చుని లేచాను.

ఇంకో నిజం కూడా ఉంది, దాన్ని నేను ఎవరికీ చెప్పలేదు. అది ఎందుకు తినట్లేదో నాకు తెలుసు.

గురువారం పొద్దున్నే డాక్టరమ్మ గదికి వెళ్ళాను. ఆవిడ బల్ల మీద అప్పటికే సీసాలు, చిన్న పాలపీకలు ఉన్నాయి. కాటా సంగతి, ఖాళీ గది సంగతి, ఏడు కాడల సంగతి వరసగా చెప్పేశాను. ఆవిడ నోరు తెరుచుకుని వింది.

"అంటే అది పన్నెండు రోజులుగా దాదాపు ఏమీ తినలేదా?"

"ఆకుతోపాటు మేతగా ఇచ్చే పీచు బిస్కెట్లు కొంచెం కొరికిందేమో. ఆకు మాత్రం తినలేదు."

"ఎందుకు తినట్లేదు? పక్క గదిలో వాళ్ళిద్దరూ అదే ఆకు తింటున్నారుగా?"

నేను తల దించుకున్నాను. ఇరవై రెండేళ్ళలో ఎవరి ముందూ అలా నిలబడలేదు.

"వాళ్ళు ముసలివాళ్ళు, అలవాటు పడ్డారు. నేను ఏడాదిగా చెట్టెక్కట్లేదు డాక్టరమ్మా. మోకాళ్ళు సహకరించడం లేదు. కింద కొమ్మల ఆకే కోస్తున్నాను. నీడ పట్టున ముదిరిన ఆకు. నార, చేదు. ఇది చెట్ల తలల మీద బతికిన మనిషి. దీనికి ఎండ తగిలే చిటారుకొమ్మ చిగురు కావాలి. చెబితే ఈ పని ఎవరికో ఇచ్చేస్తారని చెప్పలేదు. నీళ్ళలో ముంచి మెరిపించి తెచ్చాను."

కోతిని 'మనిషి' అన్నానని నాకు తర్వాత తట్టింది. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు. కోపం వచ్చింది, మొహం ఎర్రబడింది. రావాలి కూడా.

"చెట్టెక్కట్లేదని, ఆకు తడిపి తెస్తున్నానని మొదటిరోజే చెప్పి ఉంటే..." అని ఆపింది. "ఇప్పుడు ఎంతసేపట్లో చిగురు తేగలరు?"

"మధ్యాహ్నం మూడింటికి. పొద్దుటి ఆకు చప్పగా ఉంటుంది. రోజంతా ఎండ తాగిన ఆకే తియ్యన. అడవిలో కూడా ఇవి పొద్దువాలే ముందే ఎక్కువ తింటాయి."

"చెట్టు ఎవరెక్కుతారు?"

"నేనే."

"మోకాళ్ళో?"

"వాటితో పని లేకుండా ఎక్కుతాను, చూస్తూ ఉండండి" అన్నాను. అప్పటికి ఎలాగో నాకూ తెలియదు. నోరు మాత్రం ముందుగానే మాట ఇచ్చేసింది.

గేటు బయటికి వచ్చేసరికి దారి దొరికింది. కరెంటాఫీసువాళ్ళు ఆ వారమంతా మా వీధిలో తీగలకు తగిలే కొమ్మలు కొడుతున్నారు. బండి మీద పొడుగాటి చెయ్యి, ఆ చేతి చివర మనిషి నిలబడే తొట్టి. ఆ బండి నడిపేది మా మరిది, నా చెల్లెలి మొగుడు. నన్ను ఆటపట్టించకపోతే ఆయనకు పొద్దు గడవదు.

"ఏం వదినా, దారి తప్పావా? మోకాళ్ళకు నూనె పోయించుకోవడానికొచ్చావా?"

"నోరు మూసుకుని ఆ బండి ఇటు తిప్పు. మా గోడ వెనక జువ్విచెట్టు ఉంది, దాని తల తీగలకు ఆనబోతోంది. ఎలాగూ కొట్టాల్సిన కొమ్మలే. అవి నాకు కావాలి."

"కింద నిలబడు, కొట్టి పడేస్తాం."

"పడేస్తే చిగురంతా నలిగిపోతుంది. నేనే ఎక్కుతాను."

మా మరిది నన్ను ఎగాదిగా చూశాడు. "వదినా, నువ్వు మా ఇంటి రెండో మెట్టు ఎక్కడానికే ముగ్గురు దేవుళ్ళను పిలుస్తావు."

"ఇవాళ పిలవను. తొందరగా దింపు ఆ తొట్టి."

వాళ్ళ పెద్దాయన్ను బతిమాలి, నాకు టోపీ పెట్టి, నడుముకు పట్టా బిగించి, పక్కన ఒక పనివాణ్ణి నిలబెట్టి పైకి లేపారు. మొదటి కుదుపుకే కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి జువ్విచెట్టు తల నా ఛాతీ ఎత్తులో ఉంది. ఏడాదైంది ఆ చెట్టును పైనుంచి చూసి. చిగుళ్ళు ఎర్రగా, పలచగా, ఎండలో తళతళలాడుతున్నాయి. ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాను. వగరు తక్కువ, వెనకగా చిన్న తీపి. ఏడాదిగా నేను వీళ్ళకు ఏం పెట్టానో ఆ ఒక్క ఆకు చెప్పింది. కళ్ళు తుడుచుకుని కత్తిరించడం మొదలుపెట్టాను. కిందినుంచి మా మరిది, "వదినా, అక్కడే కాపురం పెట్టేస్తావా ఏంటి!" అని అరుస్తూనే ఉన్నాడు.

ఆ మోపును ముంచలేదు. పొడిగానే తెచ్చాను. దాహానికి విడిగా పై కర్ర దగ్గర నీళ్ళగిన్నె కట్టాం. డాక్టరమ్మ సగం మోపు పక్కకు తీయించింది.

"ఖాళీ కడుపు అక్కా. లోపలి క్రిములు కూడా ఆకలితో తగ్గిపోయి ఉంటాయి. ఒక్కసారిగా పెడితే చిగురైనా పొంగుతుంది. గుప్పెడు గుప్పెడుగా పెడదాం."

ఆ మాట నాకు తట్టలేదు. ఆవిడకు తట్టింది. ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

మొదటి గుప్పెడు పై కర్ర దగ్గరే కట్టాం. కొత్తామె కదల్లేదు. వలకు అవతల ముసలివాళ్ళకు మాత్రం వాసన తగిలింది, ఇద్దరూ వల పట్టుకుని గింజుకుంటున్నారు. నేను అటువైపు ఒక చిగురు ఇచ్చాను. పెద్దామె దాన్ని కొత్తామె కళ్ళెదుటే నమిలి, కాడ కింద పడేసింది. కొత్తామె అటు చూసింది. తర్వాత చిగురు వాసన చూసింది. నాలుకతో తాకింది. నీటిచుక్క లేదు. అప్పుడు అది చిన్న ముక్క కొరికింది. నమిలింది. ఇంకోటి తుంచుకుంది. నేల మీద ఒక కాడ రాలింది.

"ఒకటి" అన్నాను పైకే.

పొద్దువాలేసరికి నలభై మూడు. మధ్యమధ్య ఆపుతూ, డాక్టరమ్మ దూరం నుంచే కడుపు గమనిస్తూ, నేను కాడలు ఏరుతూ అక్కడే ఉన్నాం.

శుక్రవారం తెల్లారగానే కాటాకు బిగించి గదిలో వేసిన కర్ర మీద కొత్తామె కూర్చుంది. డాక్టరమ్మ అంకె చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఐదు కిలోల ఎనభై గ్రాములు. ఎనభై గ్రాములంటే గుప్పెడు ఆకు. కానీ తగ్గలేదు. ఆవిడ బల్ల మీది సీసాలు తీసి బీరువాలో పెట్టేసింది. నేను రిజిస్టరు తెరిచి పన్నెండు రోజుల గడుల్లోనూ అడ్డగీతలు కొట్టి, ప్రతి గడిలో 'తినలేదు' అని రాసి, కింద నా సంతకం పెట్టాను.

"ఇంక ఈ పని..." అని మొదలుపెట్టాను.

"ఈ పని మీదే" అంది ఆవిడ. "వారానికి మూడుసార్లు బండి పంపమని కరెంటాఫీసుకు ఉత్తరం రాశాను. మిగతా రోజులకు చెట్టెక్కే మనిషిని ఒకరిని అడిగాను. ఏ కొమ్మ కోయాలో కింద నిలబడి మీరు చెప్పాలి. సాయంత్రం కాడలు కూడా మీరే లెక్కపెట్టాలి. కాటా అంకె పక్కన ఆ అంకె కూడా రాయిద్దాం."

ఎప్పుడో చిన్నప్పుడు ఏడ్చినట్టు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

ఆ మధ్యాహ్నం కడుపునిండా అన్నం తిని, చిగురు గుప్పెడు పట్టుకుని గదికి వెళ్ళాను. కొత్తామె బిడ్డతో పాటు వల దగ్గరికి దిగి వచ్చింది. నా మొహానికి జానెడు దూరంలో కూర్చుంది. తెల్లటి వలయాల మధ్యనుంచి తిన్నగా నా కళ్ళలోకి చూసి, నోరు తెరిచి, సరిగ్గా నా ముక్కు మీదే గట్టిగా తేన్చింది. పులిసిన జువ్విచిగురు వాసన. అంత కమ్మటి వాసన నేనెప్పుడూ పీల్చలేదు.

మర్యాదకు మర్యాద చేయాలిగా. నేనూ ఊపిరి బిగబట్టి, అంతే గట్టిగా తేన్చాను.

వెనకనుంచి డాక్టరమ్మ పకపకా నవ్వింది. చేతిలో రిజిస్టరు, కలం పట్టుకుని ఉంది. "అక్కా, దీన్ని ఏమని రాయమంటారు?"

"రాయండి డాక్టరమ్మా" అన్నాను. "ఇద్దరం తిన్నాం అని."